చిన విజయరామరాజు

పూసపాటి చిన విజయరామరాజు (మరణం: 1794 జూలై 10) విజయనగర సంస్థానాన్ని 1760 నుండి 1794 వరకు పాలించిన జమీందారు. ఇతడిని రెండవ విజయరామరాజు అని కూడా వ్యవహరిస్తారు. 1757లో బొబ్బిలి యుద్ధంలో పాల్గొన్న పెద విజయరామరాజు వేరు, ఇతడు వేరు. పేష్కషు బకాయీల కారణంగా ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ (కుంఫిణీ) తన సంస్థానాన్ని జప్తు చేసి, మచిలీపట్నానికి వెళ్ళిపొమ్మని ఆదేశించగా, ఇతడు ఆ ఆజ్ఞను ధిక్కరించి పద్మనాభం వద్ద కంపెనీ సేనలతో పోరాడి మరణించాడు. ఉత్తర సర్కారులలో భూమిపై అధికారం దేశీయ జమీందారుల చేతినుండి కంపెనీ చేతికి ఎలా మారిందో తెలుసుకొనుటకు ఇతని జీవితం ముఖ్యమైన ఆధారం.

వంశ నేపథ్యం

పూసపాటివారు క్షత్రియులు. కృష్ణా తీరంలోని పూసపాడు గ్రామం పేరుమీదుగా వీరికి ఆ ఇంటిపేరు వచ్చినదని చెబుతారు. పదిహేడవ శతాబ్దం మధ్యలో, గోల్కొండ సుల్తానుల పాలనాకాలంలో, పూసపాటి మాధవవర్మ శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కొలువులో చేరి, కుమిలి ప్రాంతాన్ని జాగీరుగా పొందాడు. శ్రీకాకుళాన్ని అప్పటి మహమ్మదీయ పాలకులు చికాకోల్ అనేవారు. పద్దెనిమిదవ శతాబ్దం ఆరంభంలో పెద విజయరామరాజు తన రాజధానిని పొట్నూరు నుండి మార్చి, కొత్తగా కోట కట్టించి, దానికి విజయనగరం అని పేరు పెట్టాడు.

పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో స్నేహం చేసి, 1757 జనవరి 24న బొబ్బిలి కోటను నాశనం చేయించాడు. తరువాత కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ అతని గుడారంలో ప్రవేశించి అతనిని సంహరించాడు. అతని తరువాత ఆనందగజపతిరాజు జమీందారు అయ్యాడు.

ఆనందరాజుకు ఫ్రెంచివారిపై అసంతృప్తి ఉండేది. 1758లో అతడు విశాఖపట్నంలోని ఫ్రెంచి స్థావరాన్ని పట్టుకొని ఇంగ్లీషువారికి అప్పగించాడు. తనకు సహాయంగా సైన్యాన్ని పంపమని వారిని కోరగా, బెంగాలు నుండి రాబర్ట్ క్లైవు కల్నల్ ఫోర్డును పంపాడు. ఆ సంవత్సరం డిసెంబరులో జరిగిన చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువారి వశమైంది. ఈ విజయాలతో ఉత్తర సర్కారులలో కంపెనీ కాలూనుకొన్నది. అందుకు మార్గం వేసినది విజయనగర సంస్థానమే.

జమీందారీ సంక్రమణం

మచిలీపట్నం దండయాత్ర అనంతరం ఆనందరాజు మశూచి సోకి రాజమహేంద్రవరంలో మరణించాడు. అతనికి సంతానం లేదు. సమీప జ్ఞాతి కుటుంబానికి చెందిన పిన్నవయస్కుడైన బాలుడిని దత్తత తీసుకొని, విజయరామరాజు అనే పేరుతో 1760లో గద్దెపై కూర్చోబెట్టారు. అతడే చిన విజయరామరాజు.

బాలుడు పాలించలేడు గనుక అధికారమంతా అతని సవతి అన్న సీతారామరాజు చేతిలో ఉండేది. సీతారామరాజు దివానుగా వ్యవహరించాడు. ఇతడు తెలివైనవాడు, కార్యదక్షుడు, అధికారకాంక్ష గలవాడు. 1761లో పర్లాకిమిడి జమీందారుపై దండెత్తి, శ్రీకాకుళం సమీపంలో అతని సేనలను, వారికి తోడుగా వచ్చిన మరాఠాలను ఓడించాడు. తరువాతి సంవత్సరాలలో సాలూరు, మక్కువ, కురుపాం, పాలకొండ, ఆండ్ర వంటి మన్యం జమీందారీలను విజయనగరానికి లోబరచాడు. జయపురం (నేటి ఒడిషా) రాజు కూడా విజయనగరానికి కప్పం కట్టవలసిన స్థితి ఏర్పడింది. ఈ విధంగా విజయనగరం చికాకోల్ సర్కారులో అన్నిటికంటె పెద్ద సంస్థానమైనది.

ఉత్తర సర్కారులు కంపెనీ పరమగుట

1765 ఆగస్టులో మొగలు చక్రవర్తి రెండవ షా ఆలం ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీచేశాడు. నిజాం అలీ దీనిని మొదట అంగీకరించలేదు. 1766 నవంబరులో కుదిరిన సంధి ప్రకారం ప్రతిఫలం తీసుకొని సర్కారులను వదలుకొన్నాడు. అయితే గుంటూరు సర్కారు మాత్రం 1788లో గాని కంపెనీ చేతికి రాలేదు.

చికాకోల్ సర్కారు పాలనకు విశాఖపట్నంలో ఒక చీఫు, అతనికి తోడుగా ఒక కౌన్సిలు ఉండేవి. వీరు ప్రధానంగా వర్తకులు. బట్టల కొనుగోలు, ఎగుమతి వీరి అసలు పని. భూమి కొలతలు, పంటల వివరాలు, గ్రామ లెక్కలు వీరికి తెలియవు. దేశభాష కూడా అంతగా రాదు. అందువలన వసూళ్ళకు పూర్తిగా జమీందారులమీద, దుబాసీలమీద ఆధారపడవలసివచ్చేది.

భూమి, శిస్తు, సైన్యం

అప్పటి భూపాలన విధానం తెలియకపోతే చిన విజయరామరాజుకు కంపెనీతో వచ్చిన తగాదా అర్థం కాదు. చికాకోల్ సర్కారులో భూములు ముఖ్యంగా రెండు రకాలు. పట్టణాల చుట్టుప్రక్కల ఉండి నేరుగా ప్రభుత్వానికి శిస్తు చెల్లించే భూములను హవేలీ భూములు అనేవారు. వీటిని ఏటేటా లేక కొన్ని సంవత్సరాలకొకసారి ఇజారాకు ఇచ్చేవారు. మిగిలినవి జమీందారీ భూములు. జమీందారు గ్రామాలనుండి శిస్తు వసూలు చేసుకొని, అందులో కొంత పేష్కషుగా ప్రభుత్వానికి చెల్లించేవాడు. పేష్కషును కొన్ని కిస్తులుగా కట్టవలసి ఉండేది.

గ్రామంలో రైతు పండించిన పంటలో కొంత భాగం శిస్తుగా పోయేది. లెక్కలు కరణం చేతిలో ఉండేవి. పంట అమ్ముడై రొక్కం చేతికి రావడానికి కాలం పడుతుంది గాని, కిస్తు గడువు ఆగదు. అందువలన జమీందారులు సాహుకార్ల వద్ద అప్పు తెచ్చి కిస్తు కట్టి, రాబోయే వసూళ్ళను వారికి తాకట్టు పెట్టేవారు. వర్షాలు లేని సంవత్సరంలో ఈ అప్పు పెరిగిపోయేది. చివరకు ఆ భారమంతా రైతుమీదనే పడేది.

జమీందారు సైన్యం కూడా భూమితోనే ముడిపడి ఉండేది. విజయనగర రాజు తన బంధువులైన క్షత్రియులకు, ఇతర నాయకులకు గ్రామాలను మొఖాసాలుగా ఇచ్చేవాడు. ఆ గ్రామాల ఆదాయం అనుభవిస్తూ, పిలిచినప్పుడు ఆయుధాలతో, అనుచరులతో రావడం వారి బాధ్యత. కొండల అంచున ఉన్న చిన్న జమీందారులు కూడా కప్పంతోపాటు సైన్య సహాయం చేయవలసినవారే. కనుక సైన్యాన్ని రద్దు చేయమనడమంటే ఆయుధాలు దింపమనడం మాత్రమే కాదు. వందలాది కుటుంబాలకు ఇచ్చిన భూములను వెనక్కు తీసుకొమ్మనడమే. ఆ పని చేసిన రాజుకు తనవారి మధ్య నిలువ నీడ ఉండదు.

సర్క్యూట్ కమిటీ - రంబోల్డు వ్యవహారం

జమీందారీల నిజమైన ఆదాయం ఎంతో, జనసంఖ్య ఎంతో, కోటలు, సైన్యాలు ఎన్నో తెలుసుకొనుటకు కంపెనీ డైరెక్టర్ల ఆదేశంపై 1776లో సర్క్యూట్ కమిటీ ఏర్పడింది. ఇది ఊరూరా తిరిగి విచారణ జరపవలసిన సంఘం. కాని 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ టామస్ రంబోల్డు వచ్చీరాగానే ఈ కమిటీని నిలిపివేసి, జమీందారులే మద్రాసుకు వచ్చి తమ పేష్కషు ఒప్పందాలు చేసుకోవాలని ఆజ్ఞాపించాడు. వందల మైళ్ళ ప్రయాణం, పరివారం ఖర్చు, అక్కడ నెలల తరబడి నిరీక్షణ జమీందారులకు పెద్ద భారమైనవి.

ఈ కాలానికి విజయరామరాజు యుక్తవయస్కుడు. అన్న పెత్తనాన్ని భరించలేక, సీతారామరాజును తొలగించి జగన్నాథరాజును దివానుగా నియమించుకొన్నాడు. సంస్థానంలోని క్షత్రియ ప్రముఖులు అనేకులు దీనిని సమర్థించారు. సీతారామరాజు మద్రాసు చేరి గవర్నరు ప్రాపు సంపాదించాడు. ఫలితంగా మద్రాసు ప్రభుత్వం విజయరామరాజు అభ్యంతరాలను త్రోసిపుచ్చి, సీతారామరాజును మళ్ళీ దివానుగా అతని నెత్తిన పెట్టింది. తన సొంత సంస్థానానికి దివాను ఎవరో నిర్ణయించుకొనే హక్కు రాజుకు లేకుండా పోయింది.

ఈ వ్యవహారంలో లంచాలు చేతులు మారినట్లు ఆరోపణలు వచ్చాయి. రంబోల్డు కార్యదర్శి రెడ్‌హెడ్‌కు లక్ష రూపాయలు ఇస్తానని సీతారామరాజు వ్రాసియిచ్చిన పత్రం తరువాత బయటపడింది. 1781లో కంపెనీ డైరెక్టర్లు రంబోల్డును, అతని కౌన్సిలులోని ఇద్దరు సభ్యులను ఉద్యోగాలనుండి తొలగించారు. బ్రిటిషు పార్లమెంటులో కూడా రంబోల్డుపై విచారణ ఆరంభమైనది గాని, శిక్ష లేకుండానే ముగిసిపోయింది.

1784 నివేదిక

రంబోల్డు తరువాత సర్క్యూట్ కమిటీని పునరుద్ధరించారు. 1784లో ఇది చికాకోల్ సర్కారులోని కశింకోట భాగంపై నివేదిక సమర్పించింది. విజయనగర సంస్థానం పన్నెండు వేలమందికి పైగా సైన్యాన్ని పోషిస్తున్నదని, ఇది కంపెనీ అధికారానికే ప్రమాదమని, సంస్థానం రాబడితో పోలిస్తే కంపెనీకి చెల్లుతున్న పేష్కషు చాలా తక్కువని కమిటీ అభిప్రాయపడింది. ఆ సంవత్సరంలోనే సీతారామరాజు దివాను పదవినుండి వైదొలగవలసివచ్చింది.

ఈ నివేదికనుండి కంపెనీ విధానం మారింది. పేష్కషు పెంచడం, సైన్యం తగ్గించమని ఒత్తిడి చేయడం రెండూ ఒకేసారి సాగాయి. 1790లో సీతారామరాజు తిరిగి అధికారంలోకి వచ్చినా పరిస్థితి చక్కబడలేదు. విజయరామరాజుకు రాజ్య వ్యవహారాలలో అనుభవం తక్కువ. చిన్ననాటినుండి అన్న చాటున పెరిగినవాడు. ఒకవైపు అప్పులు, మరొకవైపు అంతఃకలహాలు, పైన పెరిగిన పేష్కషు కలిసి బకాయీలు లక్షల రూపాయలకు చేరుకొన్నవి.

జప్తు

1793లో కంపెనీ ప్రభుత్వం కఠిన చర్యలకు పూనుకొన్నది. సీతారామరాజును మద్రాసుకు రప్పించి, భరణం ఏర్పాటుచేసి అక్కడే ఉంచివేసింది. బకాయీల నెపంతో విజయనగర సంస్థానాన్ని జప్తు చేసింది. కంపెనీ సిపాయీలు విజయనగరం కోటను స్వాధీనం చేసుకొన్నారు. గ్రామాల వసూళ్ళు కంపెనీ ఉద్యోగుల చేతిలోకి వెళ్ళాయి.

రాజుకు నెలకు 1,200 రూపాయల భరణం నిర్ణయించి, మచిలీపట్నంలో నివసించవలసినదిగా ఆదేశించారు. అప్పుడు మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ఓక్లీ. తన ప్రజలకు, బంధువులకు దూరంగా, కంపెనీ ఠాణా ఉన్న పట్టణంలో జీవించడమంటే బందీగా బ్రతకడమేనని విజయరామరాజు భావించాడు. విజయనగరం విడిచాడు గాని మచిలీపట్నానికి వెళ్ళలేదు. విజయనగరానికి, భీమునిపట్నానికి మధ్య, గోస్తనీ నదికి సమీపంలో ఉన్న పద్మనాభం గ్రామంలో విడిది చేశాడు. ఇక్కడి కొండపై అనంతపద్మనాభస్వామి ఆలయం, దిగువన కుంతీమాధవస్వామి ఆలయం ఉన్నాయి.

రాజు పద్మనాభంలో ఉన్నాడని తెలియగానే మొఖాసాదారులు, క్షత్రియ నాయకులు, సిబ్బందీ జవానులు అక్కడికి చేరుకోసాగారు. క్రమంగా సుమారు నాలుగు వేలమంది పోగైనారు. కంపెనీ వారితో రాయబారాలు నడిచినా ఫలించలేదు. రాజు లొంగిపోయి మచిలీపట్నం వెళ్ళితేనే గాని మాట్లాడేది లేదని కంపెనీ పట్టుబట్టింది. వెళ్ళితే తిరిగి రానివ్వరని రాజు, అతని అనుచరులు భయపడ్డారు.

పద్మనాభ యుద్ధం

1794 జూలై 10న తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో కంపెనీ సేన పద్మనాభం విడిదిపై దాడిచేసింది. యుద్ధం ముప్పావు గంటసేపు జరిగింది. రాజు సైనికులు సంఖ్యలో ఎక్కువే అయినా, వారివద్ద ఉన్న ఆయుధాలు కత్తులు, బల్లేలు, పాతకాలపు తుపాకులు. కవాతు నేర్చిన సిపాయీల కాల్పులముందు అవి నిలువలేదు.

విజయరామరాజు పారిపోలేదు. తన అనుచరుల మధ్య పోరాడుతూ మరణించాడు. అతనితోపాటు 309 మంది నేలకొరిగారు. వీరిలో ఎక్కువమంది క్షత్రియులు. సంస్థానంలోని ప్రధాన కుటుంబాలకు చెందిన నాయకుల దేహాలు రాజు దేహం చుట్టూ పడిఉన్నట్లు కంపెనీ వారే నమోదు చేసుకొన్నారు. కంపెనీ పక్షంలో 13 మంది మరణించగా 61 మంది గాయపడ్డారు. చందుర్తిలో విజయనగర సేన ఇంగ్లీషువారితో భుజం కలిపి పోరాడి అప్పటికి ముప్పైఆరు సంవత్సరాలు కూడా నిండలేదు.

యుద్ధానంతర పరిణామాలు

రాజు మరణంతో కంపెనీ సమస్య తీరలేదు. అతని కుమారుడు నారాయణబాబును ఆప్తులు మన్యం అంచునగల మక్కువకు తరలించారు. కొండ జమీందారులు బాలునికి రక్షణగా నిలిచారు. కొండదారులు, మన్యపు జ్వరాలు కంపెనీ సైన్యానికి దుర్భరమైనవి. చివరకు కంపెనీ రాజీకి వచ్చి, నారాయణబాబుకు సంస్థానాన్ని తిరిగి ఇచ్చింది. అయితే సంస్థానం పూర్వపు రూపంలో తిరిగి రాలేదు.

పేష్కషును ఆరు లక్షల రూపాయలుగా నిర్ణయించారు. సాలూరు, మక్కువ, కురుపాం, పాలకొండ, పాచిపెంట, మేరంగి, మాడుగుల మొదలైన జమీందారీలను విజయనగరం నుండి విడదీసి, వాటితో కంపెనీ నేరుగా ఒప్పందాలు చేసుకొన్నది. జయపురం రాజుకు విడిగా సనదు ఇచ్చింది. బొబ్బిలి యుద్ధంలో బ్రతికి బయటపడిన చినరంగారావుకు 1794లోనే బొబ్బిలి జమీందారీని తిరిగి ఇచ్చింది. ఈ విధంగా విజయనగరానికి సమీపంలోనే దానికి సాటిరాగల సంస్థానాలను కంపెనీ నిలబెట్టింది.

ఆ సంవత్సరంలోనే చీఫు, కౌన్సిలు పద్ధతి రద్దయి, వాటి స్థానంలో కలెక్టర్లు వచ్చారు. వర్తకుల పాలన ముగిసి, రెవిన్యూ పాలన ఆరంభమైనది.

శాశ్వత శిస్తు నిర్ణయం

బెంగాలులో 1793లో లార్డు కారన్‌వాలీసు ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు నిర్ణయ పద్ధతిని మద్రాసు ప్రభుత్వం 1802లో 25వ రెగ్యులేషను ద్వారా ఇక్కడ అమలుచేసింది. అప్పటికి విజయనగర జమీందారీలో 24 పరగణాలు, 1,157 గ్రామాలు ఉన్నాయి. పేష్కషు ఐదు లక్షల రూపాయలుగా శాశ్వతంగా నిర్ణయమైనది. హవేలీ భూములను ముక్కలుగా చేసి వేలం వేశారు. డబ్బున్నవారు కొత్త జమీందారులయ్యారు.

ఈ ఏర్పాటులో జమీందారుకు సైన్యం ఉండదు, పోలీసు అధికారం ఉండదు. కిస్తు తప్పితే భూమి వేలానికి వస్తుంది. పేష్కషు మారదు గాని, జమీందారు రైతునుండి తీసుకొనే శిస్తుకు అటువంటి కట్టుబాటు ఆచరణలో లేకపోయింది. భూమిని దున్నేవాని హక్కులు కాగితంలో ఎక్కడా స్పష్టంగా లేవు. రైతుకు సాగు హక్కును చట్టం ద్వారా గట్టిగా కల్పించుటకు 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టం వరకు వేచి ఉండవలసివచ్చింది.

కొండ ప్రాంతాలలో శాంతి త్వరగా నెలకొనలేదు. 1830 దశకంలో పాలకొండ, పర్లాకిమిడి ప్రాంతాలలో తిరుగుబాట్లు జరిగాయి. వీటిని అణచుటకు జార్జి రస్సెల్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాడు. 1833లో పాలకొండ జమీందారీని కంపెనీ స్వాధీనం చేసుకొన్నది. రస్సెల్ సిఫారసుల మేరకు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ చట్టాలనుండి మినహాయించి, కలెక్టరునే గవర్నరు ఏజంటుగా నియమిస్తూ 1839లో 24వ చట్టం చేశారు. ఏజన్సీ అనే మాట ఈ ప్రాంతంలో దీనివలననే వాడుకలోకి వచ్చింది.

నారాయణబాబు కాలంలో కూడా సంస్థానం అప్పులపాలై, కొంతకాలం కంపెనీ నిర్వహణలోకి వెళ్ళింది. అతడు 1845లో కాశీలో మరణించాడు. అతని కుమారుడు మూడవ విజయరామ గజపతిరాజు 1852లో సంస్థానాన్ని స్వయంగా స్వీకరించాడు. తాత కంపెనీతో పోరాడి మరణించగా, మనుమడు బ్రిటిషు ప్రభుత్వంనుండి మహారాజా బిరుదు పొందాడు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఉత్తర కోస్తాలోని జమీందారీలు అంతమైనవి.

అంచనా

చిన విజయరామరాజు గొప్ప పాలకుడని చెప్పుటకు ఆధారాలు తక్కువ. పాలనాకాలంలో అధికభాగం అన్నచేతిలోనో, దివానుల చేతిలోనో అధికారం ఉండిపోయింది. రైతులపై శిస్తు భారం తగ్గించిన దాఖలాలు లేవు. కొండ జమీందారులను లోబరచుకొనుటలో అతని సంస్థానం కంపెనీ బలాన్ని వాడుకొన్నది. చివరకు ఆ బలమే అతనికి ఎదురైనది. అయినప్పటికీ, భరణం తీసుకొని పరదేశంలో బ్రతకడంకంటె తన నేలపై మరణించడం మేలని నిశ్చయించుకొన్నందువలన ఉత్తరాంధ్ర ప్రజల స్మృతిలో అతనికి స్థానం దక్కింది. యుద్ధం జరిగిన పద్మనాభం విశాఖపట్నం జిల్లాలో మండల కేంద్రం. అల్లూరి సీతారామరాజు జన్మించిన పాండ్రంగి గ్రామం ఈ మండలంలోనిదే.